నాలుగు దవడలూ కుదిరినాకే

మార్కాపురంలో పలకరాయి కోసే మిషన్లు చేసే బుడే సాహెబ్ షెడ్డులో ఒక కట్టుబాటుంది. కొలతలు ఎవరు వేస్తారో, మిషన్ కాలి మీద వాళ్ల పేరు మొదటి అక్షరాన్నే ఇనుప అచ్చుతో కొడతారు. ముప్ఫై ఏళ్లుగా ఏ మిషన్ చూసినా ఒకటే, ఇంగ్లీషు బి. ఆయన నేల మీద మోకాళ్లేసి సుద్దతో గీసేవాడు, ఆ గీతల ప్రకారమే ఇనుము కోసేవాళ్లు. ఇప్పుడా మోకాళ్లు వంగనంటున్నాయి.

అందుకే కూతురు సుమయ్య ఒంగోలు పోయి కంప్యూటర్ డ్రాయింగ్ నేర్చుకొచ్చింది. పాత మిషన్‌నంతా తెర మీదికి ఎక్కించింది. బ్లేడు, బల్ల, కాళ్లు అన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఒక కొలత మారిస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయని ఆ పిల్ల నమ్మకం. అన్న మస్తాన్‌వలికి మాత్రం అదంతా టీవీ బొమ్మ.

ఒకరోజు పొద్దున పలకల ఫ్యాక్టరీ ఫణికృష్ణ వచ్చినాడు. పెద్ద టైల్స్ కోసే పెద్ద మిషన్ కావాలంట. "భాయ్, మూడింటికి మళ్లీ వస్తా. డ్రాయింగ్ సరిగ్గా ఉంటే పని మీకే. లేదంటే ఒంగోలులో చేయించుకుంటా" అని చెప్పి పోయినాడు. కొత్త మిషన్ కావాలని ఎవరన్నా వచ్చి ఏడాదైంది. ఇదీ పోతే షెడ్డులో ఇక రిపేర్లే.

సుమయ్య బ్లేడును పద్నాలుగు అంగుళాల నుంచి ఇరవై నాలుగు చేసింది. అంతే! బ్లేడు బల్లను చీల్చుకుని పోయింది, తప్పుందని గీతలన్నీ ఎర్రబడినాయి. వెనక్కి తెచ్చి ముందు బల్ల పెంచింది. కాళ్లు తిరగబడి ఒకదాన్లోకి ఒకటి దూరినాయి. కాళ్లు ముందు జరిపితే మోటారు గాల్లో తేలింది. పాడు మిషన్, ఏది ముట్టుకున్నా మీద పడుతుంది! రెండయింది. పిల్లకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"ఏందమ్మా, బొమ్మ అలిగిందా? ఇట్లయితే అబ్బానే మోకాళ్లేయాల" అని మస్తాన్‌వలి లేతు దగ్గరికి పోయినాడు. ఆ మాట సుమయ్యకు గుచ్చుకుంది.

అక్కడ బుడే సాహెబ్ వంకర ఇనుప ముక్కనొకదాన్ని, ముక్కను పట్టుకుని తిప్పే లేతు చక్కులో బిగిస్తున్నాడు. ఆ చక్కుకు నాలుగు దవడలు. ఇది ఇంత, అది ఇంత, ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. మస్తాన్‌వలి తొందరపడి స్విచ్ మీద చెయ్యేసినాడు.

"చెయ్యి తియ్యరా! ఎన్నేళ్లు చెప్పాల్రా నీకు? నాలుగూ కుదిరినాకే తిప్పాల. రెండు బిగించి తిప్పితే ముక్క ఎగిరి నీ మూతికే తగుల్తాది!"

సుమయ్య చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. యా అల్లా, తను చేస్తున్నదీ అదేగా! ఒక్క కొలత మార్చగానే కంప్యూటర్ మిషన్‌నంతా తిప్పేస్తోంది, మిగతావేమో ఇంకా పాత కొలతల్లోనే ఉన్నాయి. స్కెచ్ తనంతట తాను అప్‌డేట్ అయ్యేది ఆపే చోటొకటి ఉందని ఒంగోలులో చెప్పినారు. మనకెందుకులే అని వదిలేసింది. ఇప్పుడు వెతికి పట్టుకుని ఆపేసింది. బ్లేడు, బల్ల, బల్లలో బ్లేడు తిరిగే సందు, కాళ్లు, మోటారు, మొత్తం ఏడు కొలతలు మార్చింది. తెర మీద ఒక్క గీత కదల్లేదు. ఏడూ మళ్లీ చూసుకుని, "బిస్మిల్లా" అని అప్‌డేట్ నొక్కింది.

మిషన్ మొత్తం ఒక్కసారే పెరిగి నిలబడింది. ఎర్ర గీత ఒక్కటి లేదు!

"అబ్బా! ఇటు రా, ఇటు రా!" అని షెడ్డు అదిరేటట్టు తండ్రిని కేకేసింది.

మూడింటికి ఫణికృష్ణ వచ్చి బల్ల పొడవు అడిగినాడు, కాళ్ల ఎత్తు అడిగినాడు. సుమయ్య తడుముకోకుండా చెప్పింది. "ఇంకో రెండంగుళాలు వెడల్పు కావాలంటేనో?" అని మెలిక పెట్టినాడు. కొలతలు మార్చింది, ఒక్కసారి నొక్కింది. ఆయన చేతిలో టీ ఇంకా చల్లారలేదు.

"రెండు మిషన్లు చెయ్యండి భాయ్" అన్నాడు.

ఇరవై రోజులకు మొదటి మిషన్ లేచి నిలబడింది. రంగు వేయకముందే బుడే సాహెబ్ అచ్చుల డబ్బా తెరిచినాడు. మస్తాన్‌వలి అలవాటుగా బి తీసి ఇచ్చినాడు. ఆయన దాన్ని డబ్బాలోనే వేసి, ఎస్ ఏరి, సుత్తితో సహా కూతురి చేతిలో పెట్టినాడు.

"గట్టిగా కొట్టు బేటీ. ఒక్కటే దెబ్బ."

మస్తాన్‌వలి నేల మీద కూర్చుని, మిషన్ కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. సుమయ్య కొట్టింది. బుడే సాహెబ్ ఆ అక్షరాన్ని బొటనవేలితో తడిమి చూసి, "లోతుగానే పడింది" అన్నాడు.