సైకిల్ స్టాండు చప్పుడు

ఎనభైల మొదట్లో మా ఆయన కొత్తపేటలో సైకిల్ స్టాండు వేస్తే ముమ్మిడివరం దాకా వినపడేదని ఇప్పటికీ నా నమ్మకం. మెల్లగా వేస్తే ఆ పూటకి బతికిపోయినట్టే. టపీమని వేస్తే మాత్రం వంటింట్లో గిన్నెలు కూడా నా వెనక దాక్కోడానికి చూసేవి.

ఆయన బడిపంతులు. "మాస్టారు చీమకి కూడా దారిస్తారండీ" అనేవారు ఊళ్ళో. నిజమే, చీమ ఆయనకి కూర వండలేదుగా.

మా చర్చి స్త్రీల సమాజం వారానికో ఇంట్లో కూడేది. ఓ వారం ప్రార్థన మనవి చెప్పమంటే, "మా ఇంట్లో శాంతి కోసమండీ" అన్నాను. అంతే! ఆదివారం సాయంత్రం మా అరుగు కుంగిపోయేంత మంది బైబిళ్ళు చంకనెట్టుకుని దిగిపోయేరు. పాస్టరుగారు మా ఇద్దర్నీ ఒకే చాపమీద కూర్చోబెట్టేరు.

"ఏమ్మా, మాస్టారు చెయ్యి చేసుకుంటారా?"

మాస్టారి మోకాలు నా మోకాలికి ఆనుకునుంది. ఆయన నవ్వుతున్నారు.

"అబ్బే, లేదండీ."

"ఆయ్, చూసేరా!" అనుకుంటూ అందరూ టీలు తాగి వెళ్ళిపోయేరు. ఆయన గేటు దాకా సాగనంపొచ్చి, గడియ వేసేరు. ఆ గడియ అంత నెమ్మదిగా పడ్డం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఆయన బడికెళ్ళేక పాస్టరుగారి భార్య ఒక్కరే వచ్చేరు. నా చెంపకేసి చూసేరు.

"తలుపు తగిలిందండీ" అన్నాను. మా ఇంటి తలుపులకి అప్పటికే రౌడీలంత పేరు.

"ఆయన్ని పక్కన పెట్టుకుని నిన్నడగడం మా బుద్ధితక్కువ తల్లీ. నువ్వేం తప్పు చేసేవని అడగను. నీకెప్పుడు భయమేస్తుందో చెప్పు."

ఎవరూ అలా అడగలేదు నన్ను. సైకిల్ స్టాండు సంగతి చెప్పేను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఇది సర్దుకుపోయే సంగతి కాదమ్మా. రాజోల్లో మా అక్కగారింట్లో ఉందువుగాని. వస్తావో రావో నువ్వే చెప్పు."

మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. చివరికి సంచి సర్దుకున్నాను. పెరటి దోవన కొబ్బరితోటలోకి దిగేమో లేదో, వెనక మా వాకిట్లో స్టాండు టపీమంది. ఆవేళ తొందరగా వచ్చేసేరు! తలుపు తియ్యడానికి నా కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగేయి.

ఆవిడ నా చెయ్యి లాగలేదు. పక్కనే ఆగి నిలబడ్డారు.

ఆయన తలుపు బాదుతున్నారు. నేను ముందుకే నడిచేను.