అరచేతి వెలుతురు

డెబ్బైల చివర్లో ఒక చలికాలం, డెట్రాయిట్ బస్ స్టేషన్ బయట మంచులో నిలబడ్డాం. మంచులో తీసిన ఏ ఫోటోలో చూసినా ముఖం నల్లగా పడుతోందని మా ఆవిడ ఇక ఫోటోకి నిలబడనంది. మెడలో కెమెరా ఉన్న ఒక నల్లజాతి పెద్దాయనతో ఆ సంగతి చెప్పాను.

"మంచు తెలుపుకి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోతుంది. ఏదీ, మీ చెయ్యి చూపించండి," అన్నాడు.

నేను కుడిచెయ్యి చాపి, జాతకం కోసం ఎదురుచూశాను.

"ఆయన జ్యోతిష్కుడు కాదండీ!" అని మా ఆవిడ పకపకా నవ్వింది.

ఆయన నా కెమెరాని తీసుకుని, నా అరచేతికి దగ్గరగా పెట్టి వెలుతురు కొలిచాడు. ఇంకాస్త వెలుతురు లోపలికి వచ్చేలా లెన్స్‌ని ఇంకొక స్టాప్ తెరిచాడు.

"అరచెయ్యి మీదైనా, నాదైనా, తెల్లవాళ్ళదైనా ఇంచుమించు ఒకటే. ఇక ఏదీ మార్చకుండా తీయండి."

మా ఆవిడ నవ్వు ఆగకముందే తీశాను.

ప్రింట్‌లో వెనక మంచు వెలిసిపోయింది. మా ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళకి ఫోటోలో నేను పడ్డాను," అంది.