మడతలక్క, రన్ అనే మాట

మడతలక్క అసలు పేరు ఆ లాండ్రీలో ఎవరికీ గుర్తులేదు. ఆరేళ్ళుగా హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ మడతపెడుతోంది కాబట్టి ఆ పేరే అతుక్కుపోయింది. మడతల బల్లకి షిఫ్టులు వారం వారం మారతాయి. సాయంత్రం షిఫ్టు పడిందంటే రెండో తరగతి చదివే కూతురు బడి నుంచి వచ్చి, తనే తాళం తీసి, చీకటి పడేదాకా ఒక్కతే కూర్చుంటుంది. గ్యాస్ కట్టేశానా, కిటికీ గడియ పెట్టానా అని ఆ వారమంతా మడతలక్క గుండెల్లో రాయి.

గోడకవతల వాషింగ్ మిషన్ల గదిలో ఎప్పుడూ పగటి షిఫ్టే. అందుకే అక్కడి పని కావాలని పట్టుబట్టింది. ఒకసారి అవకాశమిచ్చారు కూడా. ఒక్కపూటలో చేజారింది.

హోటళ్ళ నుంచి వచ్చే ప్రతి మూటకీ ఇంగ్లీషులో రాసిన కార్డొకటి ఉంటుంది. మడతలక్క కూడబలుక్కుని చదవగలదు. రన్ అంటే మిషన్ తిప్పడమని ఆమెకి తెలుసు, మిషన్ మీటల మీద ఉండేది ఆ మాటే. ఎర్ర టేబుల్ గుడ్డల కార్డు మీద ‘విల్ రన్’ అని ఉంది. మిషన్లో తిప్పొచ్చట, ఇంకేం అనుకుని తెల్ల దుప్పట్లతో కలిపి వేసేసింది. నలభై దుప్పట్లు గులాబీరంగులో బయటికొచ్చాయి.

“అమ్మాయ్, దుప్పట్లకి సిగ్గేసినట్టుందే!” అన్నాడు మిషన్లు చూసే బాబాయి.

సూపర్‌వైజరు మేడమ్ మాత్రం నవ్వలేదు. “రన్ అంటే రంగు దిగడం కూడా. తెలీనప్పుడు అడగాలి కదమ్మా?”

“తెలుసనుకున్నాను మేడమ్. అదే కొంప ముంచింది.”

మేడమ్ గులాబీరంగు దుప్పటొకటి ఎత్తి చూసి పక్కన పడేసింది. “నెలన్నరలో బాబాయి పని మానేస్తున్నాడు. అప్పుడు మళ్ళీ చూస్తా. ఒక్కసారే.”

ఈ మాట అంతు చూడాల్సిందే అనుకుంది మడతలక్క. అప్పట్నుంచి రన్ ఎక్కడ కనపడినా వినపడినా వదల్లేదు. బస్సులు రన్ అవుతాయి. కొట్టు యజమాని కొట్టు రన్ చేస్తాడు. కుళాయి కట్టకపోతే నీళ్ళు రన్ అవుతాయి. పాత క్యాలెండరు కాగితం వెనక అన్నీ రాసుకుంది. ఒకరోజు పిల్ల బడి డైరీలో టీచరు రాసిన ముక్క చూసి ఉలిక్కిపడింది.

“అమ్మా, నా ముక్కు రన్నింగంట!”

“ఎక్కడికే?”

“మూతి మీదకి!”

పిల్ల పగలబడి నవ్వింది. మడతలక్కా నవ్వింది, నవ్వుతూనే నుదురు తడిమి చూసింది. వేడి లేదు. నమ్మకం చాలక మెడ కింద కూడా చూసింది. ఆ తర్వాతే డైరీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ముక్కు కారడం, నీళ్ళు కారడం, రంగు దిగడం ఒక జాతివేనన్నమాట.

“ఒక్క మాటకి ఇన్ని వేషాలేంటి బాబాయ్?” అని మర్నాడు విసుక్కుంది.

“మనం తక్కువ తిన్నామా? కరెంటు పోయింది, పరువు పోయింది, పిల్ల నిద్రపోయింది అంటాం. ఇవన్నీ ఎక్కడికి పోయాయని ఎప్పుడైనా అడిగావా?”

మడతలక్క చేతిలో తువ్వాలు సగం మడతలోనే ఆగిపోయింది. నిజమే, ‘పోయింది’ దగ్గర తను ఎప్పుడూ తడబడదు. ముందు ఏది పోయిందో చూస్తుంది. ఇక్కడా అంతే చెయ్యాలి. రన్‌ని కాదు, రన్ అయ్యేదాన్ని చూడాలి.

చెప్పిన రోజు రానే వచ్చింది. మేడమ్ మూడు మూటలు ముందు పెట్టింది. మొదటి దాంట్లో నీలం తెరలు, కార్డు మీద ‘మే రన్’, అంటే రన్ అయినా అవొచ్చని. మడతలక్క తడిపిన తెల్లగుడ్డతో ఒక అంచు రుద్దింది. గుడ్డకి నీలం అంటింది. తెరల్ని విడిగా పెట్టింది. రెండో దాంట్లో వంటగది గుడ్డలు, ‘రన్ ట్వైస్’. మిషన్లో రెండుసార్లు తిప్పాలి, అంతే. మూడో దాంట్లో అల్లిక శాలువా ఒకటి. ‘హాజ్ రన్ ఎట్ వన్ కార్నర్.’

ఒక మూల రన్ అయిందట. కానీ శాలువాది వెన్న రంగు. దిగడానికి దాంట్లో రంగేముంది?

“టైమవుతోంది. అడిగెయ్యరాదూ?” అన్నాడు బాబాయి.

“అడుగుతా బాబాయ్. చూశాక అడుగుతా.”

శాలువాని బల్ల మీద పరిచి, అంచు వెంబడే వేళ్ళు పోనిచ్చింది. మూడు మూలలు నున్నగా ఉన్నాయి. నాలుగో మూల వేలు ఆగింది. అక్కడ ఒక పోగు తెగి, దాని మీది ముడులు వరసగా ఊడిపోయి, చిన్న నిచ్చెనలా సందు పడింది.

“మేడమ్, ఇక్కణ్ణుంచి అల్లిక జారిపోతూ వచ్చింది. రన్ అంటే ఇదేనా? మిషన్లో వేస్తే మొత్తం ఊడొస్తుంది. ముందు కుట్టించి, తర్వాత చేత్తో ఉతకాలి.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. రంగు కాదు, నీళ్ళు కాదు, మిషన్ కాదు. ఇక మిగిలింది అల్లికే. అవునో కాదో మీరు చెప్పాలి.”

మేడమ్ ఆ సందులోకి వేలు పెట్టి చూసింది. “అదే,” అంది. “సోమవారం నుంచి ఈ గది నీది.”

మడతలక్క కదల్లేదు. “ఈ మాటకి ఇంకా ఎన్ని అర్థాలున్నాయి మేడమ్?”

“నాకే తెలీదు తల్లీ.”

“అయితే కొత్తది తగిలినప్పుడల్లా వచ్చి అడుగుతా. విసుక్కోకూడదు మరి.”

నీలం తెరల్ని ఎత్తి మూడో నంబరు మిషన్లో వేసి, తలుపు గట్టిగా నొక్కి, మీట తిప్పింది.