ఆయన ఫోన్ వస్తూనే ఉంది

యూనివర్సిటీ నెట్‌వర్క్ విభాగంలో మా పై అధికారి గుండెపోటుతో పోయారు. బతికి ఉన్నప్పుడు ఆయన ఒక్క విషయంలో మొండిగా ఉండేవారు. "ఏ కంపెనీ డబ్బానన్న కొనుండ్రి. గానీ అందరికీ తెలిసిన భాషనే మాట్లాడాలె. రేపు ఎవరొచ్చి అడిగినా జవాబు చెప్పాలె" అనేవారు. ఎవరైనా చదువుకోగల ఇంటర్నెట్ ఉమ్మడి నియమాలకు ఒదగని పరికరాన్ని ఆయన క్యాంపస్‌లోకి రానివ్వలేదు.

వచ్చి అడిగేది మనిషి కాదని అప్పుడు మాకు తెలియదు. ఆయన పోయాక నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండేందుకు కృత్రిమ మేధతో నడిచే ప్రోగ్రాం పెట్టాం. హాస్టళ్లలో, లైబ్రరీలో ఉన్న రకరకాల పరికరాలన్నీ ఒకే భాషలో దానికి తమ సంగతులు చెప్పసాగాయి. వింటూ వింటూ ఏది మామూలో, ఏది కాదో అది నేర్చుకుంది.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం తెర మీద ఇలా కనిపించింది: మూసి ఉన్న పాత బ్లాకు దగ్గర ఒక ఫోన్ రోజూ కలుస్తోంది, ఏమీ చూడదు, కాసేపుండి వెళ్లిపోతుంది. లాగిన్ పేరు చదివాను. అది ఆయనది.

నాతో పనిచేసే అమ్మాయికి చూపించాను. "పోయి చూద్దాం సార్" అంది.

పాత బ్లాకు మెట్ల మీద ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఆయన ఫోన్.

"ఇంట్ల ఉత్తగ పడి ఉంటది బిడ్డా. గీడికొస్తె దానంతట అదే కలుస్తది. జర్ర సేపు కూసొని పోత" అన్నారు.

కొత్త అధికారికి చెప్పాం. "ఆ లాగిన్ సెలవులయ్యేదాంక ఉండనియ్యండి" అన్నారాయన. తర్వాత ప్రోగ్రాం కూడా ఆ ఫోన్ మాట ఎత్తలేదు. ఎవరూ చెప్పకుండానే దాన్ని మామూలు విషయాల్లో కలిపేసుకుంది.

మరికొన్నాళ్లకు తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. పరికరాలన్నీ బాగానే ఉన్నాయి. రావలసిన ఫోన్ రాలేదు, అని మాత్రం ఉంది.

పోయిన మనిషి కోసం ఆ యంత్రం ఎదురుచూస్తున్నట్టనిపించింది. ఆమెకేమైందోనని ఇద్దరం స్కూటీ మీద తార్నాక పోయాం. మెట్రో స్టేషన్ వెనక గల్లీలో వాళ్ల ఇల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల టీవీ మోగుతోంది. వంటగది గడప దగ్గర ఆమె పడి ఉన్నారు. పొద్దున కాలు జారిందట. ఎంత పిలిచినా ఎవరికీ వినపడలేదట.

అంబులెన్స్ కోసం చూస్తుండగా "మీకెవరు చెప్పిన్రు?" అని అడిగారు.

"ఇటే పోతున్నం అమ్మా" అంది ఆ అమ్మాయి.

తుంటికి ఆపరేషన్ చేశారు. కోలుకున్నాక ఆమె చెల్లెలు వచ్చి వరంగల్ తీసుకుపోయింది. ఫోన్ కూడా ఆమెతోనే పోయింది.

ప్రోగ్రాం మాత్రం మధ్యాహ్నం కాగానే, రావలసిన ఫోన్ రాలేదని రాస్తూనే ఉండేది. ఒకరోజు రాయలేదు. ఆ ఫోన్ రాకపోవడమే దానికి మామూలైపోయింది. ఆ పూట నాకు అన్నం తినబుద్ధి కాలేదు.