గంప కింద కోడి

మొన్న పెద్దముడియంలో ఒక వాకిట బోర్లించిన గంప, దాని కింద కోడి కనిపించి, చిన్నప్పటి సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నాకప్పుడు పదకొండేళ్లు, ఆరో తరగతి. ఇంగ్లీషులో తప్పితే బడి మాన్పించి ముప్పైరెండు గొర్రెల వెంట పంపుతానని నాయన చెప్పి ఉన్నాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, రాత్రిపూట మీ కోడి ఎక్కడుంటుందని ఇంగ్లీషులో అడిగాడు.

"అండర్ ది బాస్కెట్," అన్నాను.

"ఏందిమే, పుస్తకంలో 'ఇన్ ది బాస్కెట్' అని గదా ఉండేది," అని అయ్యవారు కసిరారు. ఇక గొర్రెలే అనుకున్నాను.

"గంపలో పెడితే కోడి నిలుస్తాదా అప్పా? మా ఇంట్లోనూ గంప కిందనే మూసేది. పాప చెప్పిందే రైటు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అయ్యవారు నాకంటే ఎక్కువ భయపడి ఉంటారని ఇప్పుడు తోస్తుంది. సంగతి విన్న నాయన గొర్రెలకు వేరే మనిషిని మాట్లాడుకున్నాడు. నేను ఏడో తరగతికి పోయాను.