ట్రిప్పమ్మ పట్టిన లీకేజీ

ఆమెకు ఆ పేరు పెట్టింది వీధి మలుపులో ఇస్త్రీ షాపు అతను. కరెంటు మాటిమాటికీ పోతోందని అతను పిలిపిస్తే, "పోవడం కాదు బాబూ, ట్రిప్పవుతోంది" అని మూడుసార్లు దిద్దిందట. నాలుగోసారి దిద్దేలోపు అతని ఇస్త్రీపెట్టె వైరులో తెగిన చోటు పట్టుకుని బాగుచేసి పోయింది. అప్పటినుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "ట్రిప్పమ్మను పిలవండి" అని చెప్పడం అతనికి అలవాటైంది. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత తనే తెల్ల పెయింటుతో పనిముట్ల సంచి మీద రాసుకుంది.

అంతకుముందు పదకొండేళ్లు ఆమె స్విచ్చుల ఫ్యాక్టరీలో టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చుంది. ఇళ్ల మెయిన్ బోర్డులో ఉండే సేఫ్టీ స్విచ్చులు వరసగా ఆమె ముందుకు వచ్చేవి. ఒక్కోదానికి కావాలని కొంచెం లీకేజీ ఇచ్చి చూడాలి. రెప్పపాటులో టక్కుమని పడిపోతే మంచిది, పడకపోతే ఎర్ర డబ్బాలోకి. రోజుకు నాలుగువందలు. నిద్రలో కూడా ఆమె వేలు టక్కు టక్కుమని ఆడేదని భర్త నవ్వేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎలక్ట్రీషియన్ లైసెన్సు పరీక్షకు కూర్చుంది. ఆ గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా పుస్తకం తెరిచి ప్రశ్నలు అడిగేవాడు. మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కింది.

లైసెన్సు చేతిలో పట్టుకుని ఆ చుట్టుపక్కల పేరున్న వైరింగ్ మేస్త్రీ దగ్గరికి పనికోసం వెళ్లింది. ఆయన ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. పనిలో మంచివాడే గానీ, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కాగితం చూడనైనా చూడలేదు.

"గోడలు కొట్టాలి, నిచ్చెనలెక్కాలి. నీవల్ల ఏమవుతుందమ్మా? బల్ల దగ్గర కూర్చుని చేసే పనేదైనా చూసుకో."

ఆమె లైసెన్సు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది. తనకు తానే పని వెతుక్కుంది. మూడేళ్లలో చేతినిండా పని దొరికింది.

ఒక ఉదయం టీచరమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్తకు ఊపిరితిత్తుల జబ్బు. హాల్లో మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్ పెట్టుకుని ఉంటాడు. నెల రోజులుగా ఇంట్లో సేఫ్టీ స్విచ్ పడిపోతోంది, పడినప్పుడల్లా మెషిన్ ఆగిపోతోంది. ఆవిడ పరుగున వచ్చి సిలిండరు తగిలించడం, మళ్లీ స్విచ్చు ఎత్తడం. ఆ పరుగులతో ఆవిడ సగమైపోయింది.

ట్రిప్పమ్మ వెళ్లేసరికి మేస్త్రీ అక్కడే ఉన్నాడు. ఆ ఇంటికి వైరింగ్ చేసింది ఆయనే. బోర్డు విప్పి, చేతిలో రెండు వైరు ముక్కలు పట్టుకుని నిలబడ్డాడు.

"స్విచ్చు రెండుసార్లు మార్చాను. గీజర్ మార్పించాను. ఇంకేం లేదు టీచర్ గారూ, ఈ స్విచ్చు తీసేసి డైరెక్ట్ చేసేద్దాం. సార్‌కి మెషిన్ ఆగకుండా ఉండటం ముఖ్యం కదా!"

టీచరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమంటావమ్మా? నాకు మా ఆయన ఊపిరి ముఖ్యం."

ట్రిప్పమ్మ సంచి కింద పెట్టింది. "ఊపిరి కోసమే వద్దంటున్నానండీ. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేస్తే దొంగ పోతాడా? మెయిన్ నుంచి వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి రావాలి. దారిలో ఆవగింజంత ఎటైనా జారిపోయినా ఈ స్విచ్చు ఊరుకోదు. ఆ జారేది రేపు సార్ పడుకున్న ఇనప మంచంలోంచి జారితే?"

హాల్లోంచి సార్ గొంతు సన్నగా వినిపించింది. "అమ్మాయి చెప్పింది వినండి. మంచం నాది."

"లోడు ఎక్కువై పడుతోంది, అంతే" అన్నాడు మేస్త్రీ.

"లోడు ఎక్కువైతే పడేవి పక్కనున్న ఈ చిన్న స్విచ్చులు కదా మేస్త్రీ గారూ. ఇది పడిందంటే లీకేజీయే." తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది. "ఏది వేసినప్పుడు పడుతోందండీ?"

"ఏదని చెప్పను? గీజర్ వేస్తే పడుతుంది. బట్టల మెషిన్ తిప్పినా అంతే. నిన్న ఇస్త్రీపెట్టెకి పడింది."

"ఎప్పట్నుంచి?"

టీచరమ్మ కాస్త ఆలోచించింది. "ఈ ఆక్సిజన్ మెషిన్ వచ్చినప్పట్నుంచే. అందుకే ముందు దాన్నే అనుమానించాం. దాని ప్లగ్గు పీకి, ఈయనకి సిలిండరు పెట్టి చూసినా పడింది."

కరెంటు ఎక్కువ లాగే వస్తువు ఏది వేసినా పడుతోందంటే తప్పు ఆ వస్తువులది కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు పాపం గీజర్‌ని మార్చేశారు. కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ వైరు ఎక్కడో ఎర్త్‌ని తాకుతోందని, తిరిగొచ్చే కరెంటులో కొంత అటు నేలలోకి జారిపోతోందని ట్రిప్పమ్మకు అర్థమైంది. కానీ అర్థమవడం వేరు, చూపించడం వేరు.

సార్‌కి సిలిండరు తగిలించమంది. ఆయన ట్యూబు సర్దుకుని, సరేనన్నట్టు బొటనవేలు చూపించాక మెయిన్ ఆపింది. కరెంటు లేదని తన చేతి మీటరుతో రెండుసార్లు చూసుకుంది. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకించింది. "బటన్ ఆపితే సరిపోదా?" అని టీచరమ్మ అడిగితే, "బటన్ ఒక వైరునే ఆపుతుందండీ. రెండోది అలాగే కలిసి ఉంటుంది. ప్లగ్గు పీకితేనే పూర్తిగా విడిపోతుంది" అంది.

బోర్డులో న్యూట్రల్ వైర్లు వరసగా బిగించి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి, మీటరు తీగల్లో ఒకదాని మొన దాని మీద, రెండోదాని మొన ఎర్త్ మీద పెట్టింది. మొదటిది మౌనం. రెండోది మౌనం. మేస్త్రీ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. మూడోదీ అంతే. నాలుగోది పెట్టగానే మీటరు కీచుమని అరిచింది.

"ఇది ఎక్కడికి వెళ్తుంది మేస్త్రీ గారూ?"

ఆయన గోడ వదిలి ముందుకొచ్చాడు. "హాలు సాకెట్లకి."

హాల్లో నాలుగు సాకెట్లు. మూడు పాతవి. మంచం పక్కది మాత్రం తెల్లగా మెరుస్తోంది, ఆక్సిజన్ మెషిన్ కోసమే కొత్తగా పెట్టింది. ట్రిప్పమ్మ మోకాళ్ల మీద కూర్చుని దాని పలక విప్పింది. లోపల ఎర్త్ కలిపిన ఇరుకు ఇనప పెట్టె. పొడుగు స్క్రూ ఒకటి లోపలికి దిగి నల్లటి న్యూట్రల్ వైరు తోలు చీల్చింది. గోరంత రాగి బయటపడి పెట్టెకు ఆనుకుని ఉంది. ఆమె పక్కకు జరిగి మేస్త్రీకి చోటిచ్చింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేను బిగించిందే" అన్నాడు చివరికి.

మూడేళ్ల కిందటి మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "పెట్టె ఇరుకు, స్క్రూ పొడుగు. ఎవరి చేతికైనా జరుగుతుంది బాబాయ్" అంది.

చెడిన ముక్క కత్తిరించి, కొసలు కొత్తగా చేసి, పొట్టి స్క్రూలతో బిగించింది. ఆ నాలుగో వైరును మళ్లీ మీటరుతో చూస్తే కిక్కురుమనలేదు. అన్నీ కలిపి మెయిన్ వేసింది. గీజర్ వేయించింది, బట్టల మెషిన్ తిప్పించింది, ఇస్త్రీపెట్టె పెట్టించింది. స్విచ్చు నిలబడింది. టీచరమ్మ కళ్లు తుడుచుకోబోతుంటే ట్రిప్పమ్మ, సార్ ఇంకా సిలిండరు మీదే ఉన్నాడని చూసుకుని, సేఫ్టీ స్విచ్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కింది. టక్! ఇల్లంతా ఆగిపోయింది.

"అయ్యో, మళ్లీ పడిందే!"

"పడాలండీ. ఇది నొక్కినా పడకపోతే అప్పుడు భయపడాలి. నెలకోసారి సార్‌కి సిలిండరు పెట్టి మీరే నొక్కి చూడండి. ఎప్పుడైనా దానంతట అది పడితే ఊరికే ఎత్తుతూ పోవద్దు. ప్లగ్గులన్నీ పీకి, స్విచ్చు ఎత్తి, ఒక్కొక్కటే పెట్టండి. దేనికి పడితే దాన్ని వాడకండి. ఏమీ పెట్టకుండానే పడినా, ఇప్పట్లా ఏది పెట్టినా పడినా వైరింగ్‌లో ఉన్నట్టు, నన్ను పిలవండి."

ఆ వారంలోనే ఆక్సిజన్ మెషిన్‌కి విడిగా లైను లాగి, దానికో సొంత సేఫ్టీ స్విచ్ పెట్టింది. ఇక వంటింట్లో ఏది చెడినా సార్ ఊపిరికి అడ్డం రాదు. గోడ కొట్టిందీ నిచ్చెన ఎక్కిందీ ఆమే. నిచ్చెన పట్టుకున్నది మేస్త్రీ.

పని ముగిశాక ఆయన నిచ్చెన మడిచి గోడకు ఆనించాడు. "సోమవారం నా సైటుకి రాగలవా అమ్మా? పన్నెండు ఇళ్లు. తాళాలిచ్చే ముందు నీ మీటరు పెట్టి చూడు. నువ్వు సరేనంటేనే ఇద్దాం."

సోమవారం ఆయన తన మనుషులందరినీ వరండాలో నిలబెట్టి, "ఈవిడ కాదంటే కాదంతే. నా పనైనా సరే" అన్నాడు. ఏడో ఇంట్లో మీటరు అరిచింది. ఎవరిదా పని అని ఆమె అడగలేదు. మేస్త్రీ ఎవరినీ పిలవలేదు, స్క్రూడ్రైవరు తీసుకుని తనే వంగాడు.

సాయంత్రం భర్త బస్సు దిగి గుమ్మంలోకి వస్తూనే అడిగాడు. "ఎన్ని పాసయ్యాయి?"

"పదకొండు" అంది ట్రిప్పమ్మ, చెప్పులు విప్పి కాళ్లు బారజాపుకుంటూ. "మిగిలిన ఆ ఒక్కటీ రేపు పాసవుతుంది."