బ్యాటరీలకు క్యాను నీళ్ళు

యర్రగొండపాలెం నుంచి పుల్లలచెరువు పోయే దారిలో మా చేను. బత్తాయి మొక్కలు పెట్టాక నాయన, నేను, నా భార్య అక్కడే ఇల్లు వేసుకున్నాం. కరెంటు లాగాలంటే స్తంభాల ఖర్చంతా మాదేనన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ డబ్బుకే కొంత కలిపి సోలార్ పలకలు, ఇంటి వెనక చిన్న గాలిమర, ఎనిమిది బ్యాటరీలు పెట్టించాను.

ముసురు పట్టిన రోజుల్లో నల్లమల గాలికి మర తిరిగేది. వేసవిలో పలకలే చూసుకునేవి. మాకు కరెంటు బిల్లు లేదని కనిపించిన ప్రతివాడికీ చెప్పి విసిగించాను. అసలు ఖర్చు బ్యాటరీలది. ఉప్పునీళ్ళు తగిలితే అవి పాడైపోతాయని నాయనకు గట్టిగా చెప్పాను. వాటిలో పోసే డిస్టిల్డ్ వాటర్ నేనే తెస్తానన్నాను. పనుల్లో పడి మరిచిపోయాను.

మా బోరులో ఫ్లోరైడు ఎక్కువ. నాయన మోకాళ్ళు అప్పటికే బిగుసుకుపోయాయి. ఆ నీళ్ళు చుక్క కూడా ముట్టొద్దని మార్కాపురం డాక్టరు చెప్పినప్పటి నుంచి, ఫిల్టరు ప్లాంటు నీళ్ళు రెండు రోజులకో క్యాను బండి మీద తెచ్చేవాణ్ణి. మా దృష్టిలో అంతకు మించిన శుద్ధమైన నీళ్ళు లోకంలో లేవు.

రెండో ఏడు తిరక్కముందే బ్యాటరీలు డీలా పడ్డాయి. మెకానిక్ వచ్చి మూతలు తీసి చూశాడు.

"ఏం నీళ్ళు పోసినారన్నా ఇందులో?"

"క్యాను నీళ్ళు," అన్నాడు నాయన ధీమాగా.

అవి తాగడానికేగానీ బ్యాటరీలకు పనికిరావట. వాటిలోనూ లవణాలుంటాయట. వారం వారం నిండుగా పోయడంతో ఆసిడ్ కూడా పొర్లిపోయిందన్నాడు.

నాకు కోపం ఆగలేదు. "నన్నొక మాట అడిగితే ఏంది నాయనా?" అన్నాను.

"నువ్వు తెస్తానన్నవి రాకపాయె. ఎండిపోతాయేమోనని నా వంతు నీళ్ళు తీసి పోసినా."

"మరి నువ్వేం తాగినావు?"

"బోరు నీళ్ళే. బ్యాటరీలకు ఎంత ఖర్చు పెట్టినావురా నువ్వు. నా మోకాళ్ళు ఎట్లాగూ పోయినయే గదా."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మెకానిక్ కొత్త బ్యాటరీల ధర చెబుతున్నాడు. నాయన అరుగు మీంచి లేవబోయి, లేవలేక, నా చేయి అందుకున్నాడు.